కమలాలు, బత్తాయిలు తింటే బరువు తగ్గుతామా?

పొద్దున్నే నిమ్మరసం తాగితే, రోజూ కమలాలు తింటే కొవ్వు కరుగుతుందా అని చాలామంది అడుగుతుంటారు. కరగదు. ఏ పుల్లటి పండుకూ ఆ గుణం లేదు. కానీ సాయంత్రం మిర్చి బజ్జీల బదులు ఒక కమలా తింటే ఒంట్లోకి వెళ్లే కేలరీలు బాగా తగ్గుతాయి. 100 గ్రాముల తొనల్లో సుమారు 47 కేలరీలే, మిగతాదంతా దాదాపు నీరే. తొన మీది పొర, లోపలి పీచు కడుపు నింపుతాయి.

అందుకే జ్యూస్ వద్దంటాను. బండి దగ్గర గ్లాసు బత్తాయి రసానికి మూడు నాలుగు కాయలు పిండి, పిప్పి పారేసి, పైన చక్కెర వేస్తారు. అవే కాయలు ఒలుచుకుని తింటే రెండోదానికే చాలనిపిస్తుంది.

కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ మాత్రలు వాడేవాళ్లు మాత్రం గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు, కమలా జాతిలోదే, పంపర పనసను పోలిన పండు) తినేముందు డాక్టర్‌ని తప్పకుండా అడగండి. కొన్ని మాత్రల మోతాదు దానివల్ల రక్తంలో పెరిగిపోతుంది.