ఓజోన్ పొర ఉండగా వీపు ఎందుకు కమిలింది?

మబ్బు రోజున ఊడ్పులకి దిగితే మెడ, వీపు కమిలిపోయాయి, ఓజోన్ పొర ఏం చేస్తున్నట్టు అని అడిగారు కదండీ. అది దాని పని చేస్తూనే ఉంది.

నేలకి 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తులో ఎక్కువగా ఉండే ఓజోన్ అనే వాయువు, ఎండలో కంటికి కనపడకుండా వచ్చే అతినీలలోహిత కిరణాల్లో బి రకాన్ని చాలావరకు మింగేస్తుంది. ఆక్సిజన్‌తో కలిసి సి రకాన్ని అసలు కిందికే రానివ్వదు. ఆ ఓజోన్ అంతా నేల మీదికి తెచ్చి పరిస్తే మందం సుమారు 3 మిల్లీమీటర్లే, మన పెసరట్టంత!

మిమ్మల్ని కమిల్చింది మిగిలిన ఆ కాస్త బి రకమే. కోనసీమలో జులై నెలాఖరుకి మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, కిరణాలు ఓజోన్‌ని అడ్డంగా కాక నిలువునా దాటేస్తాయి. పలచటి మబ్బు వేడిని ఆపినంతగా వీటిని ఆపదు. చల్లగా ఉంది కదా అని చొక్కా తీసేస్తాం, అక్కడే దెబ్బ తింటాం (నేనూ తిన్నాను). చేలో నీటి మెరుపు వల్లే అని మీ బావగారన్నారు కదా, దాని వల్ల కొంతే.

పది నుంచి మూడు దాకా నిండు చేతుల చొక్కా, మెడ మీదికి దిగేలా తలగుడ్డ ఉంచండి, మబ్బున్నా సరే.