ముఖం కనబడుతూనే ఉంది కదా!

ప్రశ్న: మా అమ్మాయితో ఇంటర్ చదివే ముస్లిం స్నేహితురాలు నోట్సు కోసం మా ఇంటికి వచ్చింది. తలకు స్కార్ఫ్ కట్టుకుని ఉన్న ఆ పిల్ల ఎదుటే మా మరిది, "ఫ్రాన్సుల బురఖా బంద్ చేసిండ్రు, ఇక్కడ గూడ చేయాలె" అన్నాడు. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయింది. అసలు చట్టం ఏమంటుంది?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఆ పిల్ల ముఖం చిన్నబోవడం మీకు కనబడిందంటేనే, మీ మరిది చెప్పిన చట్టం ఆమె జోలికి రాదని తేలిపోతోంది. జుట్టునూ మెడనూ కప్పేది హిజాబ్. కళ్లు మాత్రం వదిలి ముఖాన్ని మూసేది నిఖాబ్. మన వైపు ఈ తేడాలు పట్టించుకోకుండా అన్నింటినీ బురఖా అనేస్తాం. ఫ్రాన్సులో 2011 ఏప్రిల్ 11న అమల్లోకి వచ్చిన చట్టం బహిరంగ ప్రదేశాల్లో ముఖం కప్పుకోవడాన్ని నిషేధించి, 150 యూరోల వరకు జరిమానా పెట్టింది. తల స్కార్ఫుకు అక్కడి వీధుల్లో ఆ చట్టం అడ్డు కాదు. అయితే 2004 నాటి వేరొక చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల్లో విద్యార్థులు కొట్టొచ్చినట్టు కనబడే మతచిహ్నాలు ధరించరాదు కనుక, అక్కడి బడిలోనైతే ఆమె దానిని తీయవలసి వచ్చేది.

ముఖం మీది నిషేధాన్ని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2014లో సమర్థించింది గానీ, భద్రత, స్త్రీ సమానత్వం అన్న వాదనలను ఒప్పుకోక, 'కలిసి జీవించడం' అన్న ఒక్క ఆధారం మీదే నిలబెట్టింది. 2018లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ అదే చట్టం హక్కులకు విరుద్ధమని తేల్చింది.

మన దేశంలో కర్ణాటక కళాశాలల వివాదం యూనిఫాంతో పాటు హిజాబ్ గురించి వచ్చిందే తప్ప ముఖం గురించి కాదు. హైకోర్టు 2022 మార్చి 15న ఆంక్షను సమర్థించగా, అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పు ఇచ్చారు.

నా మట్టుకు, పరీక్ష హాలు గుమ్మం దగ్గర నిఖాబ్ వేసుకున్న అమ్మాయిని మహిళా సిబ్బంది పక్కకు తీసుకువెళ్లి, హాల్ టికెట్ ఫొటోతో ముఖం సరిచూసి పంపడం న్యాయం; దానికి ఒక నిమిషం చాలు. అంతకు మించి అడిగే హక్కు ఎవరికీ లేదనుకుంటాను. మే నెల ఎండలో హనుమకొండ చౌరస్తాలో స్కూటీల మీద వెళ్లే ఆడపిల్లలు చున్నీ చుట్టుకుని, చలువ కళ్లద్దాలు పెట్టుకుంటే కళ్లు కూడా కనబడవు. వారిని ఆపమని మీ మరిది కూడా అనరు. ఇంట్లో బలవంతంగా కప్పించే కుటుంబాలు లేవనను. కానీ అటువంటి ఇంటి పిల్లకు కాలేజీ గేటు మూస్తే మిగిలేది ఆ ఇల్లే.

ఆ అమ్మాయి నోట్సు తీసుకువెళ్లిందో లేదో మీరు రాయలేదు. తీసుకోకపోతే మీ అమ్మాయి చేత పంపించండి.