శనివారం రాత్రి మా తమ్ముడు వెళ్లే చోటు

ప్రశ్న: నా తమ్ముడికి 26 ఏళ్లు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న ఉగాదికి వచ్చినప్పుడు, తాను గే అని నాకొక్కదానికే చెప్పాడు. అక్కడ ఒక పబ్బులో తనలాంటివారికోసం నెలకొక శనివారం జరిగే కార్యక్రమానికి వెళుతుంటాడట. "అక్కా, అక్కడ పెళ్లెప్పుడని అడిగేవాళ్లు ఉండరు. మొదటిసారి వెళ్లి ఒక మూల నిలబడితే, ముక్కూ మొహం తెలియని ఒకామె వచ్చి, తిన్నావా అని అడిగి, తన స్నేహితుల పక్కన కూర్చోబెట్టింది" అని చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఒకసారి నన్నూ రమ్మంటున్నాడు. తాగుడు, మత్తుమందులు, పోలీసులు అంటే నాకు భయం. నాన్నకు చెప్పి మాన్పించమంటారా?
- ఒక అక్క, అనంతపురం

జవాబు: మీ నాన్నగారికి చెప్పవద్దు. ఇంట్లో ఇంతమంది ఉండగా మీ తమ్ముడు మిమ్మల్ని నమ్మి చెప్పుకున్న మాట అది. దానిని ఇంకొకరికి ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తేల్చుకోవలసింది అతనే. ఈ విషయం మనిషి గోప్యతలో భాగమని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. ఒకే లింగానికి చెందిన వయోజనుల మధ్య ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పునిచ్చింది. 2024 జూలైలో అమలుకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అలాంటి సంబంధాన్ని నేరమన్న పాత 377వ సెక్షనే లేదు. కనుక లైసెన్సున్న పబ్బులో తనలాంటి నలుగురితో కూర్చున్నంత మాత్రాన మీ తమ్ముడు నేరస్థుడు కాడు.

పబ్బే ఎందుకు, రాత్రిపూటే ఎందుకు అన్న కలవరం మీ ఉత్తరంలో కనబడుతోంది. పగలు ఆఫీసులోనూ చుట్టాల మధ్యా తమ సంగతి దాచుకుని తిరగవలసినవారికి చాలా దేశాల్లో మొదట దొరికిన నీడ ఇలాంటి చోట్లే. న్యూయార్కులో స్టోన్‌వాల్ ఇన్ అనే బారుపై 1969 జూన్ 28 తెల్లవారుజామున పోలీసులు దాడి చేస్తే అక్కడివారు తిరగబడ్డారు. మరుసటి ఏడాది అదే రోజున వారు చేసిన ఊరేగింపు నుంచే తమ ఉనికిని గర్వంగా చాటుకునే ఈనాటి ప్రైడ్ యాత్రలు మొదలయ్యాయి. మన దేశంలో ఢిల్లీ లలిత్ హోటల్లోని కిట్టీ సూ క్లబ్బు, ఆడవేషం కట్టి ఆడిపాడే డ్రాగ్ కళాకారులకు వేదికనిచ్చింది. ఆ హోటళ్లను నడిపే కుటుంబానికి చెందిన కేశవ్ సూరి 377వ సెక్షనుపై తానే సుప్రీంకోర్టుకు వెళ్లారు.

అయితే మీ తమ్ముడికి కళ్లనీళ్లు తెప్పించింది ఆ పాటలూ దీపాలూ కావు, తిన్నావా అన్న పలకరింపు. మన ఇళ్లలో గడప తొక్కిన ప్రతివారినీ అడిగే మాటే అది. ఇన్నేళ్లుగా ఇంట్లో ఆ మాట విన్నప్పుడల్లా, నా సంగతి తెలిశాక కూడా ఇలాగే అడుగుతారా అన్న బెంగ అతని మనసులో ఉండి ఉంటుంది. అక్కడ మాత్రం సంగతి తెలిసినవారే అడిగారు.

అన్ని చోట్లా ఇంత ఆదరణ దొరుకుతుందని నేను చెప్పను. ప్రవేశ రుసుము కట్టలేనివారికీ, ఇంగ్లిషు తడబడేవారికీ, ముఖ్యంగా ట్రాన్స్ మహిళలకూ గుమ్మం దగ్గరే చిన్నచూపు ఎదురవుతుంటుంది. మంచి నిర్వాహకులు ఒంటరిగా వచ్చిన కొత్తవారిని తామే పలకరిస్తారు, అడగకుండా ఫొటోలు తీయనివ్వరు, ఎవరైనా మీద చేయి వేస్తే బయటికి పంపుతారు. మద్యం విషయంలో మీ భయం న్యాయమైనదే. తన గ్లాసు తన చేతిలోనే ఉంచుకోవాలనీ, తాగినా తాగకపోయినా తెలిసినవారితోనే తిరిగి రావాలనీ, మత్తుమందుల జోలికి పోరాదనీ గట్టిగా చెప్పండి. కానీ దీనికంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. ఫోన్ యాప్‌లలో పరిచయం పెంచుకుని, ఎక్కడికో రప్పించి, ఇంట్లో చెబుతామని బెదిరించి డబ్బు గుంజే ముఠాలు ఉన్నాయి. ఒంటరిగా ఉండి, ఇంట్లో తెలుస్తుందని వణికేవాడే వారికి దొరుకుతాడు. అక్కకు తెలుసు అన్న ధైర్యం ఉన్నవాణ్ణి బెదిరించడం అంత సులువు కాదు.

అందుకే మీరు వెళ్లి రావడమే మంచిదని నా అభిప్రాయం. చీర కట్టి నాట్యం చేసే మగవారు కనబడితే కంగారు పడవద్దు. ఆదోని దగ్గర సంతెకుడ్లూరులో హోళీకి మగవారు చీరలు కట్టి రతీమన్మథులను కొలుస్తారు. అది మొక్కు, ఇది వేరు, అయినా మన సీమ కళ్లకు ఆ రూపం కొత్తది కాదు. మీ తమ్ముడి స్నేహితులతో మాట్లాడండి, ఆ తిన్నావా అన్నావిడను తప్పక కలవండి.

డాక్టరుకు చూపించి మార్పిద్దామని రేపు ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణను 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది. మారుస్తామంటూ చేసే చికిత్స వృత్తిపరమైన తప్పిదమని జాతీయ వైద్య మండలి 2022లో ప్రకటించింది. అతనికి గానీ మీకు గానీ దిగులు పట్టలేనంతగా ఉంటే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ, ఉచితం.

ఇంట్లో సంబంధాల మాట వచ్చినప్పుడు మాత్రం మీ అవసరం ఎక్కువగా ఉంటుంది. వాడిని తొందరపెట్టవద్దని మీరు పెద్దవారిగా అడ్డుపడండి. లేకపోతే ఏమీ తెలియని ఒక ఆడపిల్ల జీవితం కూడా ఇందులో చిక్కుకుంటుంది. ముందు ఈ వారమే తమ్ముడికి ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పండి. కార్యక్రమం ఎన్నింటికి ముగుస్తుందో, ఆ రాత్రి మీరు ఎక్కడ బస చేయాలో అడిగి తెలుసుకోండి.