చుక్కలు కలిపినా క్యామ్ టైమింగ్ తప్పవచ్చు

సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజిను మొత్తం విప్పి, రింగులు, బేరింగులతో పాటు కొత్త క్యామ్ గేరు (వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్‌ను తిప్పే పళ్ల చక్రం) వేశామని మీరన్నారు. టైమింగ్ చుక్కలు (రెండు గేర్లు ఎక్కడ కలవాలో చూపే గుర్తులు) కలిపే బిగించినా ఇంజిను మొరాయిస్తోందని, తెల్లపొగ వదులుతూ నీటి పంపు లోడు లాగడం లేదని రాశారు. డీజిల్ చిమ్మే నాజిల్ మార్చాలా, డీజిల్ పంపు మార్చాలా అని అడిగారు. రెండూ ఇప్పుడే కొనకండి. నేను రెండూ కొన్నాను.

మాది ఆకివీడు వైపు చేపల చెరువు. ఒక వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశారు, చెరువులో నీరు రోజుకింత తగ్గిపోతోంది, తెల్లవారేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్లు తోడడానికి ఉన్నది ఆ ఒక్క ఇంజినే. అది సరిగ్గా మీరు చెప్పిన రోగంతోనే కూర్చుంది. మొదటి రోజు నాజిల్, రెండో రోజు డీజిల్ పంపు ఎలిమెంటు మార్చాను. పొగ మాత్రం మారలేదు. మూడో రోజు పాలకొల్లు నుంచి ఒక పెద్ద మేస్త్రీ గారిని తీసుకువచ్చాను. ఆయన పనిముట్ల సంచి కూడా విప్పలేదు. రాకర్ మూత తీయించి, ఫ్లైవీల్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పుతూ వాల్వుల వంక చూసి, “పిస్టన్ పైకి వచ్చేసింది బాబూ. ఎగ్జాస్ట్ ఇంకా మూసుకోలేదు, ఇన్‌లెట్ ఇంకా నిద్రే లేవలేదు. దోషం డీజిల్ పంపుది కాదు” అన్నారు.

ఆయన చూసింది మీరూ పావుగంటలో చూడవచ్చు. ముందు ఇంజిను చల్లగా ఉన్నప్పుడు ట్యాపెట్ సందు (వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య ఖాళీ) తయారీదారు చెప్పిన కొలతకు పెట్టండి. డీకంప్రెషన్ లివరును పనిచేయని స్థితిలో ఉంచండి, లేకపోతే అది ఎగ్జాస్ట్ వాల్వును నొక్కి పట్టుకుని మిమ్మల్ని మోసం చేస్తుంది. తర్వాత ఫ్లైవీల్‌ను ఇంజిను తిరిగే దిశలోనే తిప్పండి. ఎగ్జాస్ట్ మూసుకోబోతూ, ఇన్‌లెట్ తెరుచుకోబోతూ ఉండే ఘడియ ఒకటి వస్తుంది. ఆ ఘడియలో పిస్టన్ సరిగ్గా పైన ఉన్నప్పుడు ఈ రకం ఇంజిన్లలో సాధారణంగా రెండు వాల్వులూ కొద్దికొద్దిగా, దాదాపు సమానంగా తెరిచి ఉంటాయి. ఎగ్జాస్ట్ బాగా తెరిచి ఇన్‌లెట్ మూసి ఉంటే క్యామ్ వెనకబడింది. ఇన్‌లెట్ బాగా తెరిచి ఎగ్జాస్ట్ మూసి ఉంటే ముందుకు పోయింది.

వెనకబడితే ఇన్‌లెట్ ఆలస్యంగా మూసుకుంటుంది, పీల్చిన గాలిలో కొంత తిరిగి బయటికి పోతుంది, కంప్రెషన్ చాలదు. పైగా మన నీటి ఇంజిన్లలో చాలావాటికి డీజిల్ పంపును తోసే బుడిపె కూడా ఆ క్యామ్ షాఫ్ట్ మీదే ఉంటుంది. కాబట్టి డీజిల్ కూడా అంతే ఆలస్యంగా పడుతుంది. నేను నాజిల్‌ను అనుమానించింది అందుకే.

కంటిచూపు అనుమానం వరకే. గేరును ఒక పన్ను జరిపే ముందు కొలవాలి. కొలతకు మూలం పిస్టన్ నిజంగా పైన ఉండే స్థానం, దాన్ని కనిపెట్టడంలోనే చాలామంది తప్పుతారు. 110 మి.మీ. స్ట్రోకు ఉన్న ఇంజినులో పైస్థానానికి అటూ ఇటూ 2 డిగ్రీలు తిప్పినా పిస్టన్ కదిలేది సుమారు 0.04 మి.మీ. మాత్రమే. వేలితో కాదు కదా, సన్నటి కదలికను ముల్లుతో చూపే డయల్ గేజితో కూడా నేరుగా పట్టడం కష్టం. హెడ్డు దించి, లైనరు (పిస్టన్ కదిలే గొట్టం) మీద అడ్డంగా ఒక దళసరి ఇనుప పట్టీని స్టడ్లకు బిగించి, మధ్యలో ఒక బోల్టు కిందికి దించండి. ఫ్లైవీల్‌ను ఒకవైపు మెల్లగా తిప్పితే పిస్టన్ వచ్చి బోల్టుకు ఆనుతుంది, అక్కడ గీత పెట్టండి. రెండో వైపు తిప్పి మళ్లీ ఆనిన చోట ఇంకో గీత. రెండింటికీ సరిగ్గా నడిమి బిందువే అసలు పైస్థానం. ఫ్లైవీల్ మీద కంపెనీ కొట్టిన గుర్తును దీనితో సరిచూసుకోండి.

డిగ్రీల చక్రం కొనక్కర్లేదు. నా ఫ్లైవీల్ చుట్టుకొలత 1800 మి.మీ., అంటే డిగ్రీకి 5 మి.మీ. పాత క్యాలెండరు కాగితాలు పట్టీలుగా కత్తిరించి, గీతలు గీసి, అంచుకు అంటించాను. (దర్జీ టేపు వాడదామనుకున్నాను, 150 సెం.మీ. దగ్గరే అయిపోయింది.) డయల్ గేజిని ఇన్‌లెట్ పుష్ రాడ్ (క్యామ్ కదలికను రాకర్‌కు అందించే కడ్డీ) మీద నిలిపి, అది 1 మి.మీ. లేచిన చోట ఒక కోణం, తిరిగి దిగుతూ 1 మి.మీ. మిగిలిన చోట ఇంకో కోణం రాసుకోండి. క్యామ్ మీది ఇన్‌లెట్ బుడిపె రెండు వైపులా ఒకే ఆకారంలో ఉంటే వాటి నడిమి కోణమే దాని శిఖరం. చక్రాన్ని ఒకే దిశలో తిప్పాలి. దాటిపోతే బాగా వెనక్కి తీసుకెళ్లి మళ్లీ రావాలి, లేదంటే గేర్ల పళ్ల మధ్య సందు లెక్కలోకి వచ్చేస్తుంది.

ఉదాహరణకు ఇన్‌లెట్ పైస్థానానికి 10 డిగ్రీల ముందు తెరుచుకుని, కిందిస్థానం దాటిన 40 డిగ్రీలకు మూసుకోవాలని పుస్తకంలో ఉంటే, శిఖరం పైస్థానం తర్వాత 105 డిగ్రీల దగ్గర ఉండాలి. నాది 117 వచ్చింది. క్యామ్ గేరుకు 60 పళ్లు, ఒక పన్ను అంటే క్యామ్ మీద 6 డిగ్రీలు, క్రాంక్ మీద 12. సరిగ్గా ఒక పన్ను! గేరు విప్పి కిరసనాయిలుతో కడిగితే తేలిందేమిటంటే, కొత్త గేరు మీది చుక్కే ఒక పన్ను పక్కన కొట్టి ఉంది. పాత గేరును పారేయకుండా ఉంటే పక్కన పెట్టి పోల్చుకునేవాడిని.

2, 3 డిగ్రీల తేడాను పట్టించుకోకండి, నీళ్లు తోడే ఇంజినుకు అది లెక్కలోది కాదు. అర పన్ను తేడా వస్తే మాత్రం కీ గాడి (గేరును షాఫ్ట్‌కు పట్టి ఉంచే కీ కూర్చునే గాడి) తప్పుగా కోసినట్టే, ఆ గేరును దుకాణానికి తిప్పి పంపండి.

పన్ను మార్చాక వెంటనే హ్యాండిల్ పెట్టకండి. పిల్లలు ఆడుకునే రంగుమట్టి పిస్టన్ మీద వాల్వులు దిగే చోట అద్ది, హెడ్డు బిగించి, చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, మళ్లీ విప్పి బ్లేడుతో కోసి మందం చూడండి, వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య మిగిలిన ఖాళీ అదే. ఎక్కడైనా గట్టిగా తగిలినట్టు అనిపిస్తే బలం పెట్టకుండా ఆగిపోండి. వంగిన పుష్ రాడ్ ధర తక్కువే గాని, విరిగిన వాల్వు తల పిస్టన్‌ను కూడా తినేస్తుంది. ఆ తర్వాతే డీజిల్ పడే టైమింగ్ సరిచూడండి.

మీ రెండు గేర్ల పళ్లు లెక్కపెట్టి, శిఖరం ఎన్ని డిగ్రీల దగ్గర వచ్చిందో ఇక్కడే రాయండి. ఎన్ని పళ్లు ఎటు జరపాలో లెక్క కట్టి చెబుతాను.