క్రైస్తవ విశ్వవిద్యాలయంలో అమ్మాయిని నాటకం డిగ్రీ చదివించవచ్చా?

నమస్కారం అండీ. బరంపురం నుంచి మీరు రాసిన ప్రశ్న చదివాను. ప్లస్ టూ ముగించిన మీ అమ్మాయి బెంగళూరులో క్రైస్తవ సంస్థ నడిపే ఒక విశ్వవిద్యాలయంలో నాటకం ప్రధానాంశంగా బీఏ చేస్తానంటోందనీ, అక్కడ మతం రుద్దుతారేమోనని ఇంట్లో పెద్దవాళ్లు సందేహిస్తున్నారనీ, నాటకం చదివి ఏం చేస్తుందని మీరు దిగులు పడుతున్నారనీ, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడిన పిల్ల అక్కడి ఇంగ్లీషు మధ్య నిలబడగలదా అని వాళ్లమ్మగారు భయపడుతున్నారనీ రాశారు. నాది పర్లాకిమిడి. అటువంటి విశ్వవిద్యాలయంలోనే నాటకం, ఇంగ్లీషు, సైకాలజీ కలిపి డిగ్రీ చదివాను. తర్వాత హైదరాబాదులో థియేటర్ ఆర్ట్స్‌లో పీజీ చేసి, ఇప్పుడు గజపతి జిల్లాలోని బడుల్లో పిల్లల చేత నాటకాలు వేయిస్తున్నాను. చదివించమనే నా సలహా. అలా ఎందుకు అంటున్నానో, ఏ విషయాల్లో ముందుగా జాగ్రత్తపడాలో వివరంగా రాస్తాను.

మతం సంగతి మొదట చెబుతాను, ఎందుకంటే మన ఇళ్లలో మాట ఆగిపోయేది అక్కడే. మైనారిటీలు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనే హక్కును రాజ్యాంగంలోని 30వ అధికరణం ఇచ్చింది. అదే రాజ్యాంగంలోని 28వ అధికరణం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు గానీ ప్రభుత్వ నిధులు గానీ ఉన్న విద్యాసంస్థలో చదివే ఎవరినీ వారి సమ్మతి లేకుండా, మైనరైతే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధకు గానీ ఆరాధనకు గానీ హాజరు కావాలని నిర్బంధించకూడదు. నా అనుభవం కూడా దీనికి భిన్నంగా లేదు. నా తరగతిలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, ఏ మతాన్నీ పాటించనివారు అందరూ ఉండేవారు. సభలు ప్రార్థనతో మొదలయ్యేవి, విలువల మీద ఒక పాఠ్యాంశం ఉండేది, ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారంలో ప్రదర్శనలు పెట్టేవారు కాదు. ప్రార్థనాలయం తలుపులు ఎప్పుడూ తెరిచే ఉండేవి గానీ, లోపలికి రమ్మని నన్నెవరూ అడగలేదు, రానందుకు నన్నెవరూ తక్కువగా చూడలేదు.

అయితే నాటకం చదివేవారికి మాత్రం ఇంకొక ప్రశ్న ఉంటుంది, అది మీరు అడగకపోయినా నేను చెప్పాలి. ఏ నాటకాన్ని ఎంచుకోవచ్చు, ఏ సన్నివేశాన్ని ఎలా చూపవచ్చు అన్న విషయంలో సంస్థకు కొన్ని హద్దులు ఉంటాయి. మేము ప్రదర్శనకు ఎంచుకున్న ప్రతి నాటకం ప్రతినీ ముందుగా విభాగానికి ఇచ్చి అనుమతి తీసుకొనేవాళ్లం. ఒకసారి ఒక సన్నివేశాన్ని మార్చమని పైనుంచి చెప్పినప్పుడు మా దర్శకత్వ బృందం చాలా బాధపడింది, మా ఉపాధ్యాయురాలు మా తరఫున గట్టిగా వాదించారు, చివరకు సంభాషణ అలాగే ఉండి వేదిక మీద నటుల కదలికలు మాత్రం మారాయి. ఆ మార్పు అవసరం లేదనే నేను ఇప్పటికీ అనుకుంటాను. కాబట్టి చేరేముందు గత రెండు మూడేళ్లలో ఆ విభాగం వేసిన నాటకాల జాబితా అడిగి చూడండి. వాటిలో స్త్రీల గురించి, కులం గురించి, అధికారం గురించి ధైర్యంగా మాట్లాడిన నాటకాలు ఉన్నాయో లేవో చూస్తే ఆ విభాగానికి ఎంత స్వేచ్ఛ ఉందో మీకే అర్థమవుతుంది.

చర్చికీ నాటకానికీ ఉన్న సంబంధం చాలా పాతది, చాలా చిక్కుపడినది కూడా. యూరప్‌లో చర్చి ఒకప్పుడు నటులను పాపులుగా చూసింది. 1673లో ఫ్రెంచి నాటక రచయిత, నటుడు మోలియేర్ చనిపోయినప్పుడు నటుడన్న కారణంగా క్రైస్తవ ఖననం దొరకడమే కష్టమై, రాజు జోక్యం చేసుకొన్న తర్వాత రాత్రిపూట పూడ్చిపెట్టారు. అదే చర్చిలో 10వ శతాబ్దం నాటికే ఈస్టర్ ఆరాధనలో భాగంగా, ఖాళీ సమాధి దగ్గరకు వచ్చిన స్త్రీలకూ దేవదూతకూ మధ్య సంభాషణను చర్చి గురువులు పాత్రలుగా పాడేవారు, మధ్యయుగాల యూరప్ నాటకానికి ఒక ముఖ్యమైన మూలం అదేనని మాకు చెప్పారు. జర్మనీలోని ఓబరామర్‌గావ్ గ్రామస్థులు ప్లేగు నాటి మొక్కు తీర్చుకోవడానికి 1634లో మొదలుపెట్టిన క్రీస్తు శ్రమల నాటకాన్ని సుమారు పదేళ్లకొకసారి ఊరంతా కలిసి ఈనాటికీ ఆడుతూనే ఉన్నారు. మన దేశంలో కేరళ తీరపు క్రైస్తవులు పోర్చుగీసుల కాలం తర్వాత పెంచుకొన్న చవిట్టునాటకంలో నటులు చెక్క వేదికను కాళ్లతో దద్దరిల్లేలా తొక్కుతూ షార్లమేన్ చక్రవర్తి కథ ఆడతారు. బెంగళూరులోని క్రైస్ట్ విశ్వవిద్యాలయం 1969లో కళాశాలగా మొదలై 2008లో డీమ్డ్ విశ్వవిద్యాలయమైంది. దాన్ని నడిపే సీఎంఐ అనే కాథలిక్ సన్యాసుల సభ 1831లో కేరళలోని మన్నానంలో పుట్టింది. దాని స్థాపకుల్లో ఒకరైన చావర కురియాకోస్ ఏలియాస్ 19వ శతాబ్దంలో క్రీస్తు జననం మీద మలయాళంలో చిన్న నాటకాలు రాశారు. ఈ చరిత్రను, చర్చి నటులను వెలివేసిన భాగంతో సహా, దాచకుండా చెప్పే ఉపాధ్యాయులు నాకు దొరికారు. క్రైస్తవ విశ్వవిద్యాలయంలో చదవడం వల్ల నాకు కలిగిన మేలుల్లో దాన్ని నేను చాలా పెద్దదిగా లెక్కిస్తాను.

ఇక అసలు చదువు గురించి. నాటకం డిగ్రీ అంటే మూడేళ్లూ వేషాలు కట్టడమని మన బంధువులు అనుకుంటారు, కానీ మొదటి ఏడాది చాలావరకు ఊపిరితోనూ నడకతోనూ గడిచిపోతుంది. పొద్దున్నే ఖాళీ హాల్లో చెప్పులు విడిచి నిలబడి, పొత్తికడుపు నుంచి గాలి తీసి గొంతు నొక్కకుండా చివరి వరుసకు మాట వినబడేలా పలకడం నేర్పిస్తారు. ఆ తర్వాత వేదిక మీద ఎక్కడ నిలబడితే చూపు ఎటు వెళుతుంది, తోటి నటుడు మాట్లాడుతున్నప్పుడు నిజంగా వినడం ఎలా, రాత లేని సన్నివేశాన్ని అక్కడికక్కడే ఎలా నడిపించాలి అన్నవి వస్తాయి. నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన ఆంగికం (శరీరం), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్త్వికం (భావం) అన్న నాలుగు అభినయాలనూ, రష్యా దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ నటనా పద్ధతినీ, ప్రేక్షకుడు కథలో కొట్టుకుపోకుండా ఆలోచించేలా చేయాలన్న జర్మన్ నాటకకర్త బ్రెష్ట్ వాదాన్నీ, ప్రేక్షకుణ్ణే వేదిక మీదకు పిలిచి కథ మార్చమనే బ్రెజిల్ దర్శకుడు అగస్టో బోల్ పనినీ పక్కపక్కన పెట్టి చదివిస్తారు. లైటింగ్, సెట్, మేకప్, దుస్తులు, స్టేజ్ మేనేజ్‌మెంట్ ప్రతివారూ చేయవలసిందే. ఒక సెమిస్టర్‌లో నేను ఒక్క మాట కూడా పలకకుండా వింగ్‌లో కూర్చొని, ఏ మాటకు ఏ లైటు వెలగాలో పుస్తకంలో గుర్తు పెట్టుకొని సైగలు ఇచ్చాను. నాటకం ఎంతమంది చేతుల మీద నడుస్తుందో నాకు పూర్తిగా తెలిసింది ఆ సెమిస్టర్‌లోనే.

ఈ శ్రమ మీ అమ్మాయికి ఇష్టమేనా అన్నది ఆమెనే అడగండి. తెర మీద కనిపించాలన్న కోరిక ఒక్కటే ఉన్నవారు మొదటి ఏడాదిలోనే విసిగిపోతారు, ఆ విసుగులో తప్పు కూడా ఏమీ లేదు. పదిమందితో కలిసి, ఎదుటివారి ఆలస్యాన్నీ కోపాన్నీ ఓర్చుకొంటూ, ఒకే సన్నివేశాన్ని మళ్లీ మళ్లీ చేయడంలో ఆనందం పొందే పిల్ల అయితే ఈ చదువు ఆమెను చాలా దూరం తీసుకువెళుతుంది.

వాళ్లమ్మగారి భయానికి జవాబు రాయడానికి నాకు ఎక్కువ చోటు కావాలి. ఇంగ్లీషు నిజంగానే కష్టం. పాఠాలు, వ్యాసాలు, పరీక్షలు అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, మొదటి సెమిస్టర్‌లో నేను తరగతిలో నోరు విప్పేదాన్ని కాదు. రోజూ ఒక నాటకం బిగ్గరగా చదవడం, అర్థం కాని మాట అడగడానికి సిగ్గుపడకపోవడం తప్ప దీనికి వేరే ఉపాయం నాకు దొరకలేదు. అయితే నటన తరగతిలో పరిస్థితి వేరు. సొంతంగా ఒక ఏకపాత్ర తయారుచేయమన్నప్పుడు, మా ఉపాధ్యాయురాలు ఎవరి ఇంటి భాషలో వారిని చేయమన్నారు. మా ఊళ్లో ఉదయం పాతపట్నం సంతకు వెళ్లి సాయంత్రం తిరిగివచ్చే ఒక కూరగాయల ఆమెను నేను ఎంచుకొన్నాను. ఆమె బేరం ఆడేది శ్రీకాకుళం యాసలో, తిరుగుదారిలో బస్సు కండక్టరుతో గొడవపడేది ఒడియాలో, దేవుడికి మొక్కుకొనేది మళ్లీ తెలుగులో. తరగతిలో తెలుగు తెలిసినవారు కొద్దిమందే అయినా, ఆమె ఏ మాట ఎవరితో అంటోందో అందరికీ అర్థమైంది. గొంతు ఎక్కడ పెరుగుతుందో, ఏ భాషలోకి మారినప్పుడు నడుము ఎలా నిటారవుతుందో నాకు ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. అది మన సరిహద్దు ఊళ్లలో పెరిగిన ప్రతి పిల్లకూ తెలిసిన విద్య.

నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ గురించి చదివినప్పుడు నాకు ఇది మరింత స్పష్టమైంది. ఛత్తీస్‌గఢ్‌లో నాచా అనే జానపద నాటకం ఆడే కళాకారులతో ఆయన పనిచేసినప్పుడు, హిందీలో బిగుసుకుపోయిన అదే నటులు తమ ఛత్తీస్‌గఢీలో మాట్లాడనిచ్చిన తర్వాత వికసించారని ఆయనే చెప్పుకొన్నారు. మీ అమ్మాయి చుట్టూ ఉన్న సంపద కూడా తక్కువది కాదు. బరంపురంలో రెండేళ్లకొకసారి జరిగే ఠాకురాణి యాత్రలో మొక్కుబడిగా పులి వేషం కట్టేవారిని ఆమె చిన్నప్పటి నుంచి చూసే ఉంటుంది. మెట్ల వేదిక మీద ఆడే గంజాం ప్రహ్లాద నాటకం, చైత్రమాసపు దండనాట, ఇటు ఉత్తరాంధ్ర వైపు తూర్పు భాగవతం, జముకుల కథ, కోరాపుట్ వైపు దేశియా నాట, ఈ జానపద ప్రదర్శనలన్నీ ఒక పగటి ప్రయాణంలో చేరుకోగల దూరంలో ఉన్నాయి. వెళ్లేముందు వీటిలో ఏ ఒక్కటైనా రాత్రంతా కూర్చొని చూడమనండి, వేషం కట్టేచోట కళాకారులతో మాట్లాడమనండి. ఆహార్యాభినయం గురించి పుస్తకంలో చదివినప్పుడు ఆమె కళ్ల ముందు మనుషులు ఉంటారు.

ఉద్యోగం మాటకు వస్తే, నటన ఒక్కదాని మీదే ఇల్లు గడపడం చాలామందికి కష్టం, ఆ సంగతి దాచడం న్యాయం కాదు. నా సహపాఠుల్లో కొందరు బడుల్లో నాటక ఉపాధ్యాయులు, కొందరు డబ్బింగ్‌లో ఉన్నారు, కొందరు సైకాలజీ వైపు వెళ్లి పీజీ చేశారు, ఒకరిద్దరు సినిమాల్లో దర్శకత్వ విభాగంలో పనిచేస్తున్నారు. పైచదువులకు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది, ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల డిప్లొమా ఉంది. కళాశాల అధ్యాపకుల అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో నాటకం ఒక సబ్జెక్టు కాబట్టి అధ్యాపక వృత్తికి దారి మూసుకుపోలేదు. అయినా నటన ఒక్కదాన్నే నమ్ముకోలేం కాబట్టి నాటకంతో పాటు ఇంగ్లీషు గానీ సైకాలజీ గానీ మరొక ప్రధానాంశంగా ఉండే కోర్సునే ఎంచుకోండి.

ఖర్చు గురించి నిదానంగా ఆలోచించండి. ప్రైవేటు విశ్వవిద్యాలయం ఫీజు, బెంగళూరులో హాస్టల్, ప్రదర్శనల ఖర్చు కలిపితే భారం ఎక్కువే. అప్పు చేయవలసి వస్తే నేను మీకు భువనేశ్వర్‌లోని ఉత్కళ సంగీత మహావిద్యాలయం పేరే ముందు చెబుతాను. అక్కడ నాటకం ఉంది, ఇల్లు దగ్గర, ఒడియా ఆమెకు వచ్చు. స్తోమత ఉంటే మాత్రం బెంగళూరు వైపే నా మొగ్గు, వేర్వేరు భాషల పిల్లలతో కలిసి పనిచేయడం అక్కడ దొరికినంతగా ఇక్కడ దొరకదు.

హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారో తప్పక కనుక్కోండి. రిహార్సల్స్ సాయంత్రాలే జరుగుతాయి, ప్రదర్శన దగ్గరపడితే రాత్రి తొమ్మిది దాటుతుంది, ఆ రోజుల్లో విభాగం నుంచి అనుమతి పత్రం ఇస్తారా, అమ్మాయిలను హాస్టల్ దాకా ఎవరు దిగబెడతారు అన్నవి ప్రవేశాల సమయంలోనే అడగవలసిన ప్రశ్నలు. హాజరు విషయంలో ఈ సంస్థలు చాలా కఠినంగా ఉంటాయి కాబట్టి పండుగకు ఇంటికి వచ్చే రోజులను కూడా ముందే లెక్క చూసుకోవాలి. బరంపురం నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ నేరుగా బెంగళూరు వెళుతుంది, ప్రయాణం విషయంలో మీకు ఇబ్బంది ఉండదు.

ఎంపికలో ఆడిషన్, ఇంటర్వ్యూ ఉంటే, సినిమా డైలాగు చెప్పవద్దనండి. రెండు మూడు నిమిషాల ఏకపాత్ర ఒకటి ఇంగ్లీషులో, ఒకటి తెలుగులో గానీ ఒడియాలో గానీ సిద్ధం చేసుకోమనండి. రెండోది ఆమెకు తెలిసిన మనిషి గురించి అయితే ఇంకా మంచిది. సౌకర్యంగా కదలగల బట్టలు వేసుకొని వెళ్లాలి, ఎందుకంటే కొన్నిచోట్ల అక్కడికక్కడే చిన్న వ్యాయామాలు చేయిస్తారు. తేదీ వచ్చిన తర్వాత ఆమె ఏ భాగాలు ఎంచుకొన్నదో ఇక్కడే రాయండి, చదివి నాకు తోచింది చెబుతాను.