పాఠకుల ప్రశ్నలు: చందుర్తి పొలంలో మ్యాపు పట్టుకుని

ప్రశ్న: బ్యాంకులో చేసి నిరుడు రిటైరయ్యాను. యుద్ధాల చరిత్ర అంటే చిన్ననాటి నుంచీ ప్రాణం. స్టాలిన్‌గ్రాడ్, వాటర్లూ, పానిపట్టు... దొరికిన పుస్తకమల్లా చదువుతున్నాను. చదివింది చదివినట్టే పోతోంది. పద్ధతిగా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: స్టాలిన్‌గ్రాడ్‌ను కొన్నాళ్లు అటకెక్కించండి. మీకు దగ్గర్లోనే, గొల్లప్రోలు పక్కన చందుర్తి ఉంది. 1758 డిసెంబరులో విజయనగరం ఆనంద గజపతితో చేతులు కలిపిన ఇంగ్లిషు కల్నల్ ఫోర్డ్, కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సేనను ఓడించింది అక్కడే. 1759 ఏప్రిల్లో బందరు కోట కూడా పడిపోవడంతో ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివారి పని అయిపోయింది. రెండూ చిన్న సైన్యాలే. వెళ్లి నిలబడి చూడగలిగిన నేల. నేర్చుకునేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

ముందు చదవాల్సింది, ఇండియాలో ఇంగ్లిషువారి యుద్ధాల మీద రాబర్ట్ ఓర్మ్ రాసిన చరిత్ర. చందుర్తి ఘట్టం 1778లో వచ్చిన రెండో సంపుటంలో ఉంటుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితం. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఆ కాలపు అచ్చులో మాట మధ్యనున్న ఇంగ్లిషు ‘ఎస్’ అచ్చం ‘ఎఫ్’లా కనబడుతుంది, కంప్యూటరూ అలాగే చదువుకుంటుంది. అందుకే ‘మసులిపటమ్’ (మన బందరే) అని వెతికితే సున్నా వస్తుంది. ఎస్ లేని ‘ఫోర్డ్’ అనో ‘కొండూర్’ అనో వెతకండి. చందుర్తి వాళ్ల పుస్తకాల్లో కొండూర్ అయింది. అలాగే ఏలూరు ‘ఎల్లోర్’, శ్రీకాకుళం ‘చికాకోల్’. ఇలాంటి పేర్లకు నోటుబుక్కు చివరి పేజీ కేటాయించండి.

ఓర్మ్ మద్రాసు కౌన్సిల్ మనిషి, ఆ రోజు రణరంగంలో లేడు. ఇతరులు రాసి పంపినవి చూసి రాశాడు. కాబట్టి ప్రతి వాక్యం దగ్గరా ఇది ఎవరు చూశారు, ఎక్కడి నుంచి చూశారు అని అడగాలి. గెలిచినవాడు శత్రువు బలం ఎంతని చెప్పినా పెన్సిల్‌తోనే రాసుకోండి. యుద్ధం జరిగిన తేదీ కూడా పుస్తకానికో రకంగా ఒకటి రెండు రోజుల తేడాతో కనబడుతుంది. ఒకటి ఎంచుకుని మిగతావి కొట్టేయకుండా అన్నీ పక్కపక్కన రాయండి. 1752కు ముందు యుద్ధాల జోలికి వెళ్తే క్యాలెండరు కూడా చూసుకోవాలి. 1746లో మద్రాసు లొంగిపోయింది ఇంగ్లిషు కాగితాల్లో సెప్టెంబరు 10న, ఫ్రెంచి కాగితాల్లో సెప్టెంబరు 21న. రెండూ ఒకటే రోజు, అప్పటి ఇంగ్లిషువారి క్యాలెండరు పదకొండు రోజులు వెనక నడిచేది.

ఇక నేల. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాపు షీటు వెబ్‌సైటులో తీసుకోవచ్చు. ప్రింటు తీసేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ ఆపేయండి. లేకపోతే సెంటీమీటరుకు 500 మీటర్ల లెక్క తప్పి, మీరు కొలిచే దూరాలన్నీ తప్పుతాయి. పైన ట్రేసింగ్ పేపరు పరిచి రైలు కట్ట, హైవే, కొత్త కాలనీలు వదిలేసి వాగులు, మెరకలు, చెరువులు మాత్రమే దించండి. ఖాయంగా తెలిసిన స్థానానికి నిండు గీత, ఊహించినదానికి చుక్కల గీత. ఈ తేడా పాటించకపోతే ఆర్నెల్లకు మీ ఊహే మీకు సాక్ష్యమై కూర్చుంటుంది.

పొలానికి డిసెంబరులోనే వెళ్లండి. ఆ రోజు ఫోర్డ్ తెల్ల సిపాయిలు నిలువెత్తు మొక్కజొన్న చేను చాటున ఉన్నారు. ఎర్రకోట్లు తొడుక్కున్న దేశీ సిపాయిలనే తెల్లవాళ్లనుకుని ఫ్రెంచివారు మీద పడ్డారు, తరుముతూ వరస చెదిరిపోయారు. అప్పుడు చేను చాటునున్నవాళ్లు బయటికొచ్చి కాల్చారు. మే నెలలో బోడి నేల చూస్తే ఈ కథంతా కట్టుకథ అనిపిస్తుంది. ఆనాటి మస్కెట్ తుపాకీ గురి సుమారు 90 మీటర్లు దాటితే నమ్మకం లేదు. అంత దూరం అడుగులతో కొలిచి, అక్కడ ఒక మనిషిని నిలబెట్టి చూడండి.

మెటల్ డిటెక్టర్ మాత్రం కొనొద్దు. 1878 నాటి నిధి చట్టం ప్రకారం భూమిలో దొరికినదాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. పైగా గుండు తవ్వి తీశాక అది ఎక్కడ పడి ఉందన్న ఆధారం పోతుంది, మిగిలేది సీసం ముక్కే.

ప్రశ్న: మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పనిచేశారు. ఇంట్లో ఒక్క పతకం తప్ప ఏమీ లేదు. వివరాలు దొరుకుతాయా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందుగా, దాన్ని చింతపండుతో తోమకండి. భారత సైన్యానికిచ్చిన ఆ యుద్ధపు పతకాల మీద నంబరు, హోదా, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. గుండ్రటిదైతే అంచున, నక్షత్రమైతే వెనకవైపు చూడండి. టార్చి పక్కవాటుగా వేసి ఫొటో తీస్తే అరిగిన అక్షరాలూ తేలతాయి. పటాలం మద్రాస్ రెజిమెంటు అయితే, ఆ నంబరు, మీ బంధుత్వ రుజువు జతచేసి నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉన్న దాని రికార్డు ఆఫీసుకు రాయండి. తాతగారు యుద్ధం నుంచి తిరిగొచ్చి ఉంటే కామన్వెల్త్ సమాధుల జాబితాలో వెతకడం వృథా. అందులో చనిపోయినవారే ఉంటారు. బెటాలియన్ల రోజువారీ డైరీలు లండన్‌లో క్యూ అనే పేటలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ (వార్ ఆఫీస్) 172 వరసలో ఉన్నాయి. వాటిలో సిపాయిల పేర్లు అరుదు. ఆయన పేరు కోసం కాక, ఆ బెటాలియన్ ఏ తేదీన ఏ ఊళ్లో ఉందో చూసుకోండి.