ముందు గోడ చూసి ఇంటి వయసు తేల్చకండి

తూర్పు ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో మీరు కొనాలనుకుంటున్న ఇటుక ఫామ్‌హౌస్ 1780ల నాటిదని ఏజెంటు చెబుతున్నారు, నమ్మొచ్చా అని అడిగారు. ఆ చుట్టుపక్కలే అలాంటి ఇంట్లో మేం కొన్నేళ్లు అద్దెకున్నాం. ముందు గోడ ఒక్కటే చూసి ఏ తేదీనీ నమ్మకండి. ఇంటి వెనక్కి వెళ్లండి, అటక ఎక్కండి.

మా ఇంటికి ముందువైపు చక్కటి ఎర్ర ఇటుక, మధ్యలో తలుపు, అటూ ఇటూ సమానంగా కిటికీలు. మేడమీద గదిలోకి వెళ్తే మాత్రం మూలన లావుపాటి ఓక్ స్తంభం. దూలం ఆనడానికి దాని పైభాగాన్ని వెడల్పుగా చెక్కారు. ఇటుక గోడే బరువు మోస్తుంటే ఆ స్తంభంతో పనేముంది? అసలు ఇల్లు చెక్క చట్రంతో, తడికెల మీద మట్టి మెత్తి కట్టింది. తర్వాత చేతిలో డబ్బాడినవాళ్లు అప్పటి ఫ్యాషన్ ప్రకారం ముందు ఇటుక గోడ కట్టించుకున్నారు. తూర్పు ఇంగ్లండ్‌లో ఇలాంటివి చాలా ఉన్నాయి. కాబట్టి 1780లన్నది ఆ ముందు గోడ వయసే కావచ్చు, ఇల్లు అంతకంటే వందేళ్లు పాతదైనా ఆశ్చర్యం లేదు.

ఇటుకల పేర్పు కూడా చూడండి. ఒకే వరసలో ఒక ఇటుక పొడవు వైపు, పక్కది తల వైపు కనిపిస్తే అది ఫ్లెమిష్ బాండ్, 18వ శతాబ్దంలో బాగా వాడుకలో ఉన్నది. అన్నీ పొడవుగానే కనిపిస్తే ఆ భాగం చాలా తర్వాత కట్టిందేమో అడగండి. 1784లో ఇటుకల లెక్కన పన్ను వేశారు, దాంతో కొందరు పెద్ద ఇటుకలు చేశారు. 1850లో ఆ పన్ను తీసేశారు. అయినా సైజును బట్టే తేల్చేయకండి, పాత ఇటుకలు మళ్లీ వాడటం మామూలే.

మూసేసిన కిటికీ కనిపిస్తే అందరూ కిటికీ పన్ను (ఒకప్పుడు కిటికీల లెక్కన ఇంటికి వేసిన పన్ను) వల్లే అంటారు. దగ్గరికెళ్లి అంచు చూడండి. లోపలి ఇటుకలు చుట్టూ గోడతో అల్లుకుని ఉంటే అది మొదటి నుంచీ అందం కోసం పెట్టిన ఉత్తుత్తి కిటికీ. అంచు పొడవునా నిలువు గీతలా సందుంటే తర్వాత మూసింది.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది సిమెంటు. ఈ గోడలు సున్నంతో కట్టినవి, మన పాత మేడల గానుగ సున్నంలాగే తేమను బయటికి పోనిస్తాయి. మా ఇంట్లో ఒక గోడకు ఎవరో సందుల్లో సిమెంటు పెట్టించారు. చలికాలంలో తేమ గడ్డకట్టి ఆ ఒక్క గోడకే ఇటుకల ముఖాలు పెచ్చులూడేవి.

పాత కట్టడాల సంగతి చూసే హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ వెబ్‌సైట్‌లో ఆ ఇల్లు లిస్టెడ్ (అంటే చట్టం కాపాడే చారిత్రక కట్టడాల జాబితాలో ఉన్నది) అవునో కాదో ముందు చూసుకోండి. లిస్టెడ్ అయిన పక్షంలో, చాలాసార్లు చెక్క చట్రం సంగతి ఆ జాబితాలోని వివరణలోనే ఉంటుంది. దాని స్వరూపం మారే పని ఏదైనా అనుమతి లేకుండా చేయిస్తే నేరం, కిటికీలు మార్చడం కూడా అందులోకే వస్తుంది. కొనేముందు ఇంటి పరిస్థితి చూసే సర్వేకి మాత్రం పాత ఇళ్లు చూసి అలవాటున్న మనిషినే పిలవండి.